యాంటీబయాటిక్ వాడాక పిల్లల కడుపు కుదుటపడాలంటే

మా అబ్బాయికి పద్నాలుగో నెలలో చెవిలో చీము పట్టింది. డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌తో మూడో రోజుకు జ్వరం దిగింది. నాలుగో రోజు విరేచనాలు మొదలయ్యాయి. ఆ తర్వాత తొడల సందుల్లో చర్మం ఎర్రగా ఒరిసిపోయింది. వారం తిరిగేసరికి నాలుక మీద పెరుగు తరకల్లాంటి తెల్లని పూత వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో మందు కోసం తిరిగాను. ఇవన్నీ ఒకే తీగకు కాసిన కాయలని నాకు తెలిసేసరికి పిల్లవాడు చిక్కి సగమయ్యాడు. మీ ఇంట్లో అంత దూరం రాకుండా ఏం చేయాలో, ఏది ముందు చేయాలో రాస్తున్నాను.

పిల్లల పేగుల్లో లెక్కకు అందనన్ని బ్యాక్టీరియా ఉంటాయి. వాటి మధ్య కాండిడా అనే యీస్టు, అంటే ఒక రకం ఫంగస్, కూడా కొద్దిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామంది పిల్లల నోట్లో, పేగుల్లో అది ఏ హానీ చేయకుండా బతుకుతుంది. వరి ఒత్తుగా నిలిచిన మడిలో కలుపు తల ఎత్తలేదు కదా, ఇక్కడా అంతే. బ్యాక్టీరియా చోటునూ ఆహారాన్నీ ఆక్రమించి, ఆమ్లాలు విడుదల చేసి యీస్టును అదుపులో పెడుతుంది. యాంటీబయాటిక్ వేసినప్పుడు చెవిలోని చెడ్డ బ్యాక్టీరియాతో పాటు పేగుల్లోని మంచిదీ చస్తుంది. యీస్టుకు మాత్రం దానివల్ల ఏమీ కాదు. మడి పలచబడుతుంది, కలుపు మిగులుతుంది. బ్యాక్టీరియా తగ్గిన పేగుల్లో అరగని పిండిపదార్థం అలాగే ఉండిపోయి నీటిని లాగుతుంది కాబట్టి విరేచనాలు అవుతాయి. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిసిన సిరప్‌లు వాడినప్పుడు ఇది తరచుగా కనిపిస్తుంది.

ఈ మడిని మళ్లీ నింపుకునే శక్తి చాలామంది పిల్లల ఒంట్లోనే ఉంది. దానికి నీరు పెట్టడం, ఇంకోసారి అనవసరంగా తొక్కకుండా కాపాడడం మన పని. కింద చెప్పేదంతా ఈ రెండు పనుల గురించే.

మొదటి పని: యాంటీబయాటిక్ అవసరమా అని అడగండి

జలుబు, ముక్కు కారడం, మామూలు దగ్గు, పిల్లల్లో వచ్చే నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వైరస్ మీద యాంటీబయాటిక్ పని చేయదు. పేగుల్లోని బ్యాక్టీరియాకు మాత్రం నష్టం తప్పదు. డాక్టరు ఈ మందు రాస్తే మొహమాటపడకుండా అడగండి: ‘ఇది బ్యాక్టీరియా జబ్బే అంటారా, రెండు రోజులు ఆగి చూడవచ్చా, ఎన్ని రోజులు వేయాలి?’ మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. కొన్ని చెవి నొప్పులకు కూడా, పిల్లల వయసునూ తీవ్రతనూ బట్టి, రెండు మూడు రోజులు కనిపెట్టి చూసే పద్ధతి ఉంది.

మందుల షాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకోవడం, పక్కింటి పిల్లకు తగ్గిందని అదే సిరప్ పట్టడం, పోయిన నెలలో మిగిలిన సీసా మళ్లీ తీయడం పూర్తిగా మానేయండి. మాత్రల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీద మాత్రమే ఇవ్వాల్సిన మందు. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆ గీత గురించి దేశమంతా ప్రచారం చేసింది.

మందు నిజంగా అవసరమైతే సరిగ్గా వేయండి. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి బాగా కలపండి. వేసే ప్రతిసారీ సీసా ఊపండి. ఇంట్లో చెంచాలన్నీ ఒకే కొలత ఉండవు, సీసాతో వచ్చిన కొలగిన్నెనే వాడండి. కలిపిన మందును ఫ్రిజ్‌లో పెట్టాలో, ఎన్ని రోజుల్లో వాడేయాలో సీసా మీద చూడండి. చాలా సిరప్‌లకు గడువు వారం రోజులే. విరేచనాలు మొదలయ్యాయని మీ అంతట మీరు మందు ఆపేయకండి. డాక్టరుకు ఫోను చేయండి. కొన్నిసార్లు మందు మారుస్తారు, కొన్నిసార్లు కొనసాగించమంటారు.

రెండో పని: తల్లిపాలూ తిండీ ఆపవద్దు

కడుపు పాడైందనగానే మన ఇళ్లలో ముందు చేసే పని తిండి మాన్పించడం. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ ఖాళీ కడుపుతో పేగు పొర మళ్లీ మొలవదు.

తల్లిపాలు తాగే పిల్లలకైతే ఆ పాలే అన్నిటికన్నా మంచి మందు. వాటిలో శిశువు అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు ఉంటాయి. శిశువుకు అరగనివి పాలలో ఎందుకున్నాయా అని నేను చాలా ఆశ్చర్యపోయాను. అవి పేగుల్లోని బిఫిడో బ్యాక్టీరియాకు ఆహారం. తల్లి బిడ్డతో పాటు బిడ్డ కడుపులో పెరిగే మేలు చేసే బ్యాక్టీరియాను కూడా పోషిస్తోందన్నమాట. 6 నెలల లోపు పిల్లలకు ఆహారంగా తల్లిపాలు మాత్రమే ఇవ్వండి, విరేచనాలప్పుడు ఇంకా తరచుగా పట్టండి. ఆముదం తాగించి కడుపు కడగడం, వసకొమ్మ అరగదీసి నాకించడం, తేనె రాయడం ఈ సమయంలో అస్సలు వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె ఎప్పుడూ ఇవ్వకూడదు. అందులో ఉండగల ఒక బ్యాక్టీరియా బీజాలు పసివాళ్ల పేగుల్లో మొలిచి నరాలను స్తంభింపజేసే ప్రమాదం ఉంది.

ఆరు నెలలు దాటి అన్నం అలవాటైన పిల్లలకు మెత్తని అన్నం, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, కొద్దిగా నెయ్యి, అరటిపండు పెట్టండి. ఒకేసారి ఎక్కువ తినలేరు. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. పచ్చి అరటికాయను ఉడికించి మెత్తగా చిదిమి అన్నంలో కలిపి పెట్టడం ఇంకా మేలు. పచ్చికాయలోని పిండిపదార్థం చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమై, పేగు గోడకు బలాన్నిచ్చే ఆమ్లాలుగా మారుతుంది. బంగ్లాదేశ్‌లో ఎంతకీ ఆగని విరేచనాలతో బాధపడే పిల్లలకు ఇలా పెట్టి చూసి, త్వరగా తగ్గుతున్నట్లు గమనించారు. విరేచనాలు తగ్గాక రాగి జావ, గుమ్మడికాయ, మునగాకు పప్పు, జామపండు గుజ్జు ఒక్కొక్కటిగా చేర్చండి. రకరకాల పీచు అందితేనే రకరకాల బ్యాక్టీరియా తిరిగి వస్తాయి.

మూడో పని: ఇంట్లో తోడుపెట్టిన పెరుగు

కొత్తగా ఏదైనా చేయాలంటే దీనితో మొదలుపెట్టండి. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలే దాకా చల్లార్చండి. శుభ్రమైన చెంచాతో తోడు వేసి, మూత పెట్టి, కదపకుండా ఉంచండి. వేసవిలో ఐదారు గంటల్లో తోడుకుంటుంది, చలికాలంలో రాత్రంతా పడుతుంది. పులవకముందే, అదే రోజు వాడండి.

పెరుగులోని బ్యాక్టీరియా పాలచక్కెరను కొంత ముందే అరిగించేస్తుంది. అందుకే విరేచనాల సమయంలో పాలు పడని పిల్లలకు కూడా పెరుగు పడుతుంది. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపితే ఆ బ్యాక్టీరియా చస్తుంది. అన్నం చల్లారనిచ్చి కలపండి. యాంటీబయాటిక్ వేసిన వెంటనే పెట్టకుండా కనీసం 2 గంటలు ఎడం ఉంచండి. పెరుగు 6 నెలల తర్వాత మొదలుపెట్టవచ్చు. ఆవు పాలు, గేదె పాలు గ్లాసుతో తాగించడం మాత్రం ఏడాది దాటాకే. రంగు, పండ్ల రుచి కలిపి డబ్బాల్లో అమ్మే పెరుగుల్లో చక్కెర బాగా ఎక్కువ. వాటితో ఈ పని జరగదు.

ఇడ్లీ గురించి ఒక మాట. పిండి పులిసేటప్పుడు అందులో కోట్ల బ్యాక్టీరియా పెరుగుతాయి, కానీ ఆవిరికి అవన్నీ చస్తాయి. ఇడ్లీ తేలికగా అరుగుతుంది కాబట్టి పెట్టండి, సజీవ బ్యాక్టీరియా కోసమైతే పెరుగే పెట్టాలి. చద్దన్నం కూడా మంచిదే, అయితే విరేచనాలు అవుతున్న పసివాళ్లకు రాత్రి మిగిలిన అన్నం వద్దు. పూర్తిగా కోలుకున్నాక, ఏడాది దాటిన పిల్లలకు, శుభ్రమైన నీళ్లలో నానబెట్టినదైతే చూసుకోవచ్చు.

నాలుగో పని: విరేచనాలకు ఓఆర్‌ఎస్, జింకు

పిల్లలకు అసలు ప్రమాదం ఒంట్లో నీరు తగ్గడం వల్లే. యీస్టు గురించీ బ్యాక్టీరియా గురించీ తర్వాత ఆలోచిద్దాం, ముందు నీరు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించినప్పుడు సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంట సోడా కలిపిన నీటిని డ్రమ్ముల్లో పోయించి, బంధువుల చేతే రోగులకు తాగించారు. అక్కడి మరణాలు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు పడిపోయాయి. మన ఇంట్లో చించే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఆ చరిత్ర ఉంది.

పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసి కొనండి. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో పూర్తిగా ఒకేసారి కలపాలి. సగం పొట్లం, ఒక గ్లాసు అంటూ కలిపితే ఉప్పు పాళ్లు తప్పి మేలు బదులు కీడు జరుగుతుంది. చిన్న పొట్లాలైతే 200 మిల్లీలీటర్లకు ఒకటి. కలిపినది 24 గంటల తర్వాత పారబోయండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నిమిషానికోసారి మళ్లీ మొదలుపెట్టండి. విసుగొస్తుంది, నిజమే. ఆ రాత్రి నేను ఉగ్గుగిన్నె పట్టుకుని రెండు గంటలు కూర్చున్నాను. పిల్లవాడు తెల్లవారి మూత్రం పోసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తీపి డబ్బా పానీయాలను ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మడం మన దగ్గర చాలా ఏళ్లు సాగింది. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. తాగిస్తే విరేచనాలు పెరుగుతాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన తర్వాత, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. అయినా షాపులో ఏది చేతికిస్తే అది తీసుకోకుండా చదివి కొనండి. గ్లూకోజు నీళ్లు, కూల్ డ్రింకులు, డబ్బా పండ్లరసాలు కూడా ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. కొబ్బరినీళ్లు, పలుచని మజ్జిగ, ఉప్పు వేసిన గంజి ఆరు నెలలు దాటిన పిల్లలకు దానికి తోడుగా ఇవ్వవచ్చు.

జింకును చాలా ఇళ్లలో రెండు రోజులు వేసి మర్చిపోతారు. 2 నుంచి 6 నెలల వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, 6 నెలలు దాటిన వారికి 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా సరే 14 రోజులు వేయాలి. పేగు పొర బాగుపడడానికి అది కావాలి. విరేచనాలను బిగబట్టే లోపెరమైడ్ వంటి మందులు చిన్నపిల్లలకు వేయకూడదు. ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్‌ను మామూలు నీళ్ల విరేచనాలకు అలవాటుగా ఇస్తారు. యాంటీబయాటిక్ వల్ల వచ్చిన విరేచనాలకు ఇంకో యాంటీబయాటిక్ వేస్తే మడి ఇంకా పలచబడుతుంది. దీన్ని చేతికిస్తే ఎందుకని అడగండి.

ఐదో పని: ప్రోబయాటిక్ పొట్లం

మేలు చేసే సజీవ సూక్ష్మజీవులు ఉండే ఈ పొట్లం అందరికీ అవసరం లేదు. గతంలో యాంటీబయాటిక్ వేసిన ప్రతిసారీ విరేచనాలైన పిల్లలకు ఉపయోగపడుతుంది. దానికీ రకం ముఖ్యం. పరిశోధనల్లో మంచి ఫలితం చూపినవి ప్రధానంగా రెండు: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డీ. రెండోది స్వయానా యీస్టే. 1920లలో ఇండోచైనాలో (నేటి వియత్నాం, లావోస్, కంబోడియా ప్రాంతం) కలరా సమయంలో స్థానికులు లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కలు నమలడం చూసి ఆన్రీ బౌలార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దాన్ని వేరుచేశారు. యీస్టు కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపలేదు. యీస్టులన్నీ శత్రువులు అనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

వేయదలిస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టిన రోజునే మొదలుపెట్టండి, విరేచనాలు వచ్చే దాకా ఆగవద్దు. రోజుకు 500 కోట్లు లేదా అంతకు మించి జీవకణాలు ఇచ్చినప్పుడే స్పష్టమైన ఫలితం కనిపించింది, అందుకే పొట్లం మీద అంకె చూసి డాక్టరును మోతాదు అడగండి. వేడిపాలలో కలపకండి. ఫంగస్‌ను చంపే మందు వాడుతున్నప్పుడు బౌలార్డీ వృథా. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకు, పెద్ద సిరలో గొట్టం పెట్టిన పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఏ ప్రోబయాటిక్ కూడా ఇవ్వకూడదు. అలాంటి పిల్లల్లో ఆ సూక్ష్మజీవులే రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఉంది.

ఆరో పని: యీస్టు కంటికి కనిపిస్తే

నాలుక మీద తెలుపు పాలదా, యీస్టుదా అని తెలుసుకోవడం తేలిక. తడి గుడ్డతో మెల్లగా తుడవండి. పాలైతే పోతుంది. పోకుండా అంటుకుని, బుగ్గల లోపల, చిగుళ్ల మీద కూడా ఉంటే కాండిడా అయి ఉండవచ్చు. గట్టిగా గీకవద్దు, రక్తం వస్తుంది. డాక్టరు రాసే నోటి మందును పాలు పట్టిన తర్వాత, చెప్పినన్ని రోజులూ రాయండి. తల్లి చనుమొనలు మండుతుంటే ఆమెకూ మందు రాయించుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది. పీకలు, సీసాలు రోజూ మరిగించండి. ఉబ్బసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడే పిల్లలు వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలిస్తే ఈ పూత రాకుండా ఉంటుంది.

డైపర్ కింద వచ్చేదానికి గుర్తు: ముదురు ఎరుపు, ముడతల లోపలికి పాకడం, అంచు చుట్టూ విడివిడిగా చిన్న ఎర్ర చుక్కలు. మామూలు ఒరుపు ముడతలను వదిలి ఉబ్బెత్తు భాగాల మీద ఉంటుంది. మందుకన్నా ముందు గాలి తగలనివ్వండి. రోజులో కొన్ని గంటలు డైపర్ లేకుండా పాత నూలు గుడ్డ మీద పడుకోబెట్టండి. నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టండి, పౌడరు చల్లవద్దు. క్లోట్రిమజోల్ వంటి పూత డాక్టరు చెప్పినట్లు వాడండి. మందుల షాపులో అడిగితే ఫంగస్ మందు, యాంటీబయాటిక్, ఘాటైన స్టెరాయిడ్ మూడూ కలిసిన క్రీము ఇచ్చేస్తారు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్లు కనిపిస్తుంది. ఆ తర్వాత చర్మం పలచబడి, యీస్టు ఇంకా లోతుగా పాకుతుంది. పసిపిల్లల చర్మానికి అది ముట్టించవద్దు.

యీస్టును వేటాడవద్దు

మల పరీక్షలో ‘యీస్టు కణాలు కనిపించాయి’ అని వస్తే కంగారు పడకండి. చాలామంది ఆరోగ్యవంతులైన పిల్లలకూ వస్తుంది. ఉమ్మిని నీళ్లలో వేసి తీగలు దిగితే యీస్టు ఉన్నట్లే అనే పరీక్షకు శాస్త్రీయమైన ఆధారం లేదు. పిల్లలు అల్లరి చేసినా, నిద్రపోకపోయినా, మాటలు ఆలస్యమైనా పేగుల్లోని యీస్టే కారణమని చెప్పి, పండ్లూ పాలూ గోధుమలూ మాన్పించి, నెలల తరబడి ఫంగస్ మాత్రలు వేయించేవారు ఉన్నారు. ముఖ్యంగా ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల దగ్గరికి ఇలాంటి మాటలు ఎక్కువగా వస్తాయి. ఆ తల్లుల ఆరాటం నాకు తెలుసు, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. కానీ యీస్టును తగ్గిస్తే ఆటిజం తగ్గుతుందని నిరూపణ కాలేదు. ఆ మందుల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీయగలవు, ఆ పథ్యాలు పెరిగే పిల్లలను బక్కచిక్కిస్తాయి. మలబద్ధకం, కడుపు నొప్పి నిజంగా ఉంటే వాటికి విడిగా వైద్యం ఉంది, అది చేయించండి. ఆ డబ్బును, ఆ సమయాన్ని మాటల శిక్షణకు, ఆటకు పెట్టండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పరుగెత్తాలి

మలంలో రక్తం కనిపించినా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, కళ్లు లోతుకు పోయి నాలుక ఎండినా, తాగినదంతా వాంతి అయినా, పిలిస్తే పలకకుండా మగతగా ఉన్నా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయండి. మూడు నెలల లోపు పసికందుకు జ్వరంతో విరేచనాలైతే ఏ గంటయినా ఆసుపత్రికి వెళ్లండి. నోటి పూత మళ్లీ మళ్లీ వస్తున్నా, రెండేళ్లు దాటిన పిల్లలకు ఏ మందూ వాడకుండానే వచ్చినా డాక్టరుకు చూపించాలి. యాంటీబయాటిక్ ఆపిన వారాల తర్వాత కూడా విరేచనాలు మొదలు కావచ్చు. అప్పుడు ఆ మందు వాడిన సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేయండి.

మామూలుగా మందు పూర్తయిన కొన్ని రోజుల్లో విరేచనం గట్టిపడుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. పేగుల్లో బ్యాక్టీరియా పూర్వస్థితికి రావడానికి వారాలు, కొన్ని రకాలకు నెలలు పడుతుంది. అన్నాళ్లూ పెరుగన్నం, పప్పు, కూరగాయలు మానకుండా పెట్టండి. టీకాల కార్డు వెనక ఏ మందు, ఎన్ని రోజులు, ఎన్నో రోజున విరేచనాలు మొదలయ్యాయి అని తేదీతో సహా రాసిపెట్టుకోండి. మా అబ్బాయి కార్డు వెనక మూడు వరుసలున్నాయి. రెండోసారి జ్వరమొచ్చినప్పుడు డాక్టరు ఆ వరుసలు చదివి, రాయబోయిన సిరప్ ఆపి, రెండు రోజులు చూద్దామన్నారు. మూడో రోజు జ్వరం తనంతట తానే తగ్గింది.